ఏ చేత్తోని తింటున్నవ్ బిడ్డా?

ఈ వారం నారాయణపేట కోర్టు దగ్గర ఒక వకీలు గుమాస్తా అడిగిన ప్రశ్న విని నాకు ప్రాణం లేచొచ్చింది. వేరే పని మీద వెళ్లి ఆ ఆఫీసులో కూర్చున్నాను. ఎదురుగా ముప్పై దాటని చేనేత ఆడబిడ్డ. ఊరూ పేరూ చెప్పను. ఆటోలో వస్తుంటే వెనక నుంచి లారీ గుద్ది, ట్యాంకు పగిలి మంటలు లేచాయట. గాయాల సర్టిఫికెట్‌లో ఆమె కుడి చేతి గురించి ఒక్కటే ముక్క ఉంది: కాలిన గాయం, తీవ్రం. గుమాస్తా ఆ కాగితాన్ని పక్కన పెట్టి అడిగాడు.

"ఏ చేత్తోని తింటున్నవ్ బిడ్డా?"

"ఎడమ చేత్తోనే. చెంచాతోని" అంది ఆమె తల వంచుకుని.

"జడ?"

"మా అత్త ఏస్తది."

"అచ్చు అతుకుతవా?"

ఆమె చేయి చాపి చూపించింది. మాని గట్టిపడ్డ చర్మం వేళ్లను అరచేతి వైపు లాగేసింది. బొటనవేలు, చూపుడు వేలు కలవడం లేదు. కొత్త పడుగు పోగును పాత పోగుతో కలిపి మెలిపెట్టాలంటే ఆ రెండు వేళ్ల కొసలే కావాలి. అచ్చు ఎక్కిన ప్రతిసారీ వేల పోగులు అలా అతకాలి. గుమాస్తా ప్రతి జవాబునూ ఆమె మాటల్లోనే రాసుకున్నాడు.

దీన్ని నేను పనితనం అంటాను. నగిషీ చెక్కేవాడి పనికి ఎంత గౌరవం ఇస్తామో దీనికీ అంత ఇవ్వాలి. ఎందుకంటే రేపు బీమా కంపెనీ వకీలు లేచి, వైకల్యం ముప్పై శాతమే అంటాడు. డాక్టరు చెప్పే శాతం చేతిది. సంపాదనలో పోయిన శాతం వేరు. 2010లో రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. చేయి పోయిన డ్రైవరు, వడ్రంగి దాదాపు మొత్తం సంపాదన పోగొట్టుకోవచ్చు, అదే చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవచ్చు అంది. కాబట్టి ఆ మనిషి ఏం పని చేస్తుంది, ఆ పనిలో ఏ వేలు ఏం చేస్తుంది అన్నది పిటిషన్‌లోకి ఎక్కాలి. ముందు ముందు చేయాల్సిన ఆపరేషన్ల ఖర్చు, పడ్డ నొప్పి, పోయిన సుఖం, పెళ్లి కాని వాళ్లయితే దెబ్బతిన్న పెళ్లి అవకాశం, అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. అడగనిదాన్ని ఎవరూ వెతికి ఇవ్వరు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట కంఠతా వచ్చి ఉంటుంది. కాగితం దాచుకోండి. డిశ్చార్జి కాగితం, మందుల బిల్లు, ఉస్మానియా కాలిన గాయాల వార్డుకు పోయిన అంబులెన్సు రసీదు, ఎఫ్ఐఆర్ నకలు. ఇంకో పాట కూడా ఉంది. ఆస్పత్రి మెట్ల మీదే తగిలే పర్సంటేజీ బేరగాళ్లకు సంతకం చేయకండి. వచ్చే డబ్బులో వాటా తీసుకునేలా ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, సామూహిక విపత్తు బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షను అంటోంది. ఫోన్ 15100. 2022 జూన్‌లో నారాయణపేటకు సొంత జిల్లా కోర్టు వచ్చాక, ఇందుకోసం మహబూబ్‌నగర్ బస్సు ఎక్కే పని కూడా తప్పింది.

ఆ ఆఫీసు నుంచి బయటికి వస్తూ ఈ వారం కూడా కాగితం గురించే రాద్దామనుకున్నాను. కానీ దారి పొడుగునా పాలెం గుర్తుకొచ్చింది.

2013 అక్టోబరు 30. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట దగ్గర పాలెం వద్ద తెల్లవారకముందే కల్వర్టును గుద్దింది. డీజిల్ ట్యాంకు పగిలింది. నిద్రలో ఉన్న 45 మంది కాలిపోయారు. అప్పటికి అది మన పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లానే, వనపర్తి ఇంకా విడిపోలేదు. ఆ రోజు పాలమూరులో ఏ ఇంట్లోనూ అన్నం సయించలేదు. బస్సుకు ఇనుప చట్రం మిగిలింది. ఎవరు ఎవరో తెలియక, అయినవాళ్ల రక్తం తీసి డీఎన్ఏ పరీక్షతో పోల్చి శవాలను అప్పగించాల్సి వచ్చింది.

అక్కడ కాగితం ఎక్కడుంది? టికెట్టు, ఫోను, సంచి, గుర్తింపు కార్డు, అన్నీ మనిషితోపాటే పోయాయి. బస్సు ఒకరి పేరున, నడిపింది ఇంకొకరు. డ్రైవరు తప్పా, కల్వర్టు కట్టిన తీరా, బస్సు తయారీయా అన్న ప్రశ్నలు లేచాయి, విచారణ సీఐడీ దాకా పోయింది. ఇలా పలువురి తప్పు కలిసినప్పుడు ఎవరి వంతు ఎంతో తేల్చే భారం బాధితుడిది కాదు. వాళ్లలో ఎవరినైనా పట్టుకుని మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని, వాటాలు తర్వాత వాళ్లే తేల్చుకోవాలని 2015లో ఖెన్యే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు కాలిన ఏడుపులో ఉన్నవాళ్లకు ఈ మాట ఎవరు చెప్పాలి?

మంట కేసులో ఇంకో చిక్కుంది. బండి గుద్దినప్పుడు కాకుండా తర్వాత అంటుకుంటే అది రోడ్డు ప్రమాదమేనా? మహారాష్ట్రలో ఒక పెట్రోలు ట్యాంకరు తెల్లవారుజామున బోల్తాపడింది. పెట్రోలు కారుతుంటే ఊళ్లోవాళ్లు పోగయ్యారు. నాలుగు గంటల తర్వాత పేలింది. బీమా కంపెనీ మాకేం సంబంధమంది. అది బండి వాడకం వల్ల వచ్చిన ప్రమాదమేనని 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు లేకపోతే ఎన్ని కుటుంబాలు ఉత్త చేతులతో ఇంటికి పోయేవో.

ఫ్యాక్టరీ మంట అయితే దారి మారుతుంది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో జరిగింది చూశాం. పొట్ట చేత పట్టుకుని కంపెనీల బాట పట్టే పాలమూరు లేబరు అలాంటి షెడ్లలోనే పని చేస్తోంది. పనిలో గాయపడ్డ కార్మికుడు యజమాని తప్పును నిరూపించాల్సిన పని లేదన్నది 1923 నాటి చట్టం నుంచీ ఉన్న సూత్రం. కాంట్రాక్టరు కింద చేసినా అసలు యజమాని తప్పించుకోలేడు.

2025 అక్టోబరు 24న మళ్లీ అదే రహదారి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర తగలబడింది. పన్నెండేళ్లు గడిచినా నేను రాసేది మాత్రం "కాగితం దాచుకోండి" అన్న మాటేనా? వేళ్లు ముడుచుకుపోయిన మనిషిని ఫైలు కట్టమని అడగడం నాకిప్పుడు సబబుగా అనిపించడం లేదు. కాలినవాళ్లు నెలల తరబడి పట్టీల్లో ఉంటారు. అదే సమయంలో గడువు పరుగెత్తుతుంది. 2022 ఏప్రిల్ నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్‌కు ఆరు నెలలే గడువు పెట్టారు. గడువు దాటిందని పిటిషన్లను కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా చెప్పబట్టి కొంత ఊపిరాడుతోంది.

నిజానికి ఆ గడువు పెట్టిన మోటారు వాహనాల చట్టంలోనే మందు కూడా ఉంది. ప్రమాదం జరిగిన మూడు నెలల్లోగా పోలీసులే ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలని 159వ సెక్షను చెబుతోంది. ఆ నివేదికనే పరిహారపు దరఖాస్తుగా తీసుకోవాలని 166వ సెక్షను అంటోంది. 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక అని 2022 నియమాలు తేదీలతో సహా రాశాయి. ఆ ఏడాది డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కచ్చితంగా అమలు చేయమంది. అంటే బండి నంబరు, బీమా పాలసీ, లైసెన్సు, గాయాల సర్టిఫికెట్ తెచ్చి ట్రిబ్యునల్ ముందు పెట్టాల్సిన బాధ్యత స్టేషన్‌దే.

నేను ఇన్నేళ్లూ బాధితులతో మాట్లాడాను. ఈ వారం నుంచి అడగాల్సింది స్టేషన్లను. మక్తల్, కోస్గి, ఊట్కూరు, దామరగిద్ద, మద్దూరు, నారాయణపేట పోలీస్ స్టేషన్లలో గత ఏడాది ఎన్ని ప్రమాదాలకు నివేదిక ట్రిబ్యునల్‌కు వెళ్లిందో గోడ మీద బోర్డు పెట్టమని జిల్లా ఎస్పీ గారిని ఈ కాలమ్ ద్వారా కోరుతున్నాను. ప్రమాదం తేదీ ఒక గడిలో, నివేదిక పంపిన తేదీ పక్క గడిలో ఉంటే చాలు.