కాస్కా కళ్ళు తెరిచాక

నాలుగేళ్ళ క్రితం మా దగ్గర ఎం.ఏ. చదివే ఒకమ్మాయి నా బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టి, "మేడమ్, మీరు క్లాసులో హింస గురించి, మౌనం గురించి చెప్తుంటారు కదా, ఇది చదివి నాకు కోపం రావాలో ఏడుపు రావాలో చెప్పండి" అంది. అది కెంటారో మియురా రాసి, బొమ్మలు గీసిన 'బెర్సెర్క్' అనే జపాన్ మాంగా. మాంగా అంటే బొమ్మల కథ. బొమ్మలున్నాయి కదా పిల్లల పుస్తకం అనుకుంటే పొరపాటే. 1989లో మొదలై నలభైకి పైగా సంపుటాలు నడిచిన, నెత్తురూ రాక్షసులూ నిండిన చీకటి కథ ఇది. మొదటి రెండు సంపుటాలు చదివి, ఇది నా వల్ల కాదని మూసేశాను. మళ్ళీ తెరవడానికి కారణం సాహిత్యం కాదు, మా ఇంటి విషయం. దాన్ని తర్వాత చెప్తాను.

ముందు కథ. ఉరితీసిన తల్లి శవం కింద, బురదలో పుట్టిన పిల్లవాడు గట్స్. కిరాయి సైనికులు వాణ్ణి ఎత్తుకుపోయి పెంచుతారు. పెంచిన తల్లి వాడి మూడో ఏట ప్లేగుతో పోతుంది. పెంచిన తండ్రి గాంబినో వాడి చేతికి వాడు మొయ్యలేని కత్తినిస్తాడు. ఒక రాత్రి మూడు వెండి నాణేలకి వాణ్ణి డొనోవాన్ అనే సైనికుడికి అమ్మేస్తాడు. ఆ రాత్రి తర్వాత గట్స్ ఎవర్నీ తనని ముట్టుకోనివ్వడు. పెద్దయ్యాక తనకన్నా పొడుగైన కత్తి మోసుకు తిరుగుతాడు. ఆ కత్తిని వీరత్వానికి గుర్తుగా చూసే పాఠకులు చాలామంది ఉన్నారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఆ పిల్లవాడు చుట్టూ గీసుకున్న గిరిలాగా అది నాకు కనిపించింది. మగపిల్లల మీద జరిగే లైంగిక హింస గురించి మన దగ్గర ఈరోజుకీ ఎంత తక్కువ మాట్లాడతామో తెలుసు కదా. కుర్రవాళ్ళ కోసం నడిచే ఒక పత్రికలో, వీరుడి బలానికి కాకుండా వీరుడి భయానికి అక్కడ మూలం చూపించడం చిన్న విషయం కాదు.

కాస్కా అతని తోటి సైనికురాలు. పేదరికంతో తల్లిదండ్రులు ఆమెను ఒక ప్రభువుకు అప్పగిస్తే, దారిలోనే అతను మీద పడతాడు. అటుగా వచ్చిన గ్రిఫిత్ ఆమె ముందుకు ఒక కత్తి విసురుతాడు. దానితో తనని తను కాపాడుకుంటుంది. ఆ తర్వాత గ్రిఫిత్ దండులో చేరి నాయకురాలి స్థాయికి ఎదుగుతుంది. గ్రిఫిత్ చెరసాలలో ఉన్న ఏడాదిపాటు వేట తప్పించుకుంటూ ఆ దండును బతికించింది ఆమే. తొమ్మిదో సంపుటంలో గట్స్, కాస్కా దగ్గరయ్యే ఘట్టం ఒకటి ఉంది. ఆ దగ్గరతనంలోనే గట్స్‌కి చిన్ననాటి రాత్రి ముంచుకొచ్చి, కాస్కా గొంతు పట్టుకుంటాడు. తేరుకున్నాక, జీవితంలో మొదటిసారి జరిగింది చెప్పుకుంటాడు. ఆమె వింటుంది. గాయపడ్డ ఇద్దరు, ఒకరి గాయాన్ని ఒకరు గుర్తుపట్టడం ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. అతనికి మాట దొరికింది, వినేవాళ్ళు దొరికారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కాస్కాకి ఆ రెండూ దొరకడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది.

ఆ తర్వాత వచ్చేది గ్రహణం. మియురా ఆ ఘట్టానికి పెట్టిన పేరే అది. గ్రహణంనాడు కడుపుతో ఉన్న అమ్మాయిని గది దాటనివ్వని ఇళ్ళలో పెరిగినదాన్ని కాబట్టి, కాస్కా అప్పుడు గట్స్ బిడ్డని మోస్తోందని తెలిసి నా చెయ్యి పేజీ మీదే ఆగిపోయింది. తన కల కోసం గ్రిఫిత్ మొత్తం దండును రాక్షసులకు బలి ఇస్తాడు. తనూ రాక్షసుడై, గట్స్ కళ్ళ ముందే కాస్కా మీద అత్యాచారం చేస్తాడు. గట్స్ ఎడమ చెయ్యి, కుడి కన్ను పోతాయి. కాస్కాకి మాట పోతుంది, తనెవరో తెలియని స్థితి వస్తుంది.

ఇక్కడ మా అమ్మాయి ప్రశ్నకి నా సగం జవాబు కోపమే. ఆ పేజీల్లో కాస్కా శరీరాన్ని గీసిన తీరులో, ఘోరాన్ని చూపిస్తూనే చూసేవాడికి కనువిందు చేసే అలవాటు పోలేదు. పైగా ఆ సంఘటన మొత్తం గట్స్ చూపులోంచి నడుస్తుంది. ఆమె మీద జరిగిన హింస అతని ప్రతీకారానికి కారణంగా మారుతుంది. గట్స్ గాయానికి బాల్యం ఉంది, కలలున్నాయి, మాటలున్నాయి. మనం దాని లోపలికి వెళ్ళి చూస్తాం. కాస్కా గాయాన్ని బయటినుంచే చూస్తాం. దండును నడిపిన మనిషి, చెయ్యి పట్టుకు నడిపించాల్సిన మనిషిగా మిగులుతుంది. గ్రహణం పూర్తయిన 13వ సంపుటం 1997లో వచ్చింది. ఆమె తెలివిలోకి వచ్చే 40వ సంపుటం 2018లో వచ్చింది. ఇరవయ్యొక్క ఏళ్ళు ఒక స్త్రీ పాత్ర మాట లేకుండా, మరొకరి ఎదుగుదలకి కొలబద్దగా బతకడం ఏ సాహిత్యంలోనైనా నిలదీయాల్సిన విషయమే.

అయినా పుస్తకం వదిలెయ్యలేకపోయాను. మియురా గట్స్‌ని అంత తేలిగ్గా వదల్లేదు కాబట్టి. గ్రహణం తర్వాత గట్స్ కాస్కాని కమ్మరి గోడో ఇంటి దగ్గర వదిలి, రెండేళ్ళు రాక్షసులను వేటాడుతూ తిరుగుతాడు. పగ తీర్చుకుంటున్నానని అతననుకుంటాడు. తిరిగొచ్చేసరికి కాస్కా ఉండదు, ఎటో వెళ్ళిపోయింది. అప్పుడు చావుకు దగ్గరగా ఉన్న గోడో అతన్ని కడిగేస్తాడు. దుఃఖం ముందు కూర్చోలేక కోపంలోకి పారిపోయావంటాడు. ఉన్న ఒక్క మనిషినీ వదిలేసి, పోయినవాళ్ళ పేరుమీద కత్తి తిప్పడాన్ని ధైర్యం అనకూడదని ఒక ముసలి కమ్మరి చేత చెప్పించడం నాకు నచ్చింది.

ఆ తర్వాత ఇంకా కష్టమైన ఘట్టం. కాస్కాని కనిపెట్టి, క్షేమమైన చోటికి తీసుకుపోతున్న మంచుదారిలో, ఆమెకి గట్స్ అంటే భయం. పారిపోకుండా ఆమె చేతులకి తాడు కడతాడు. ఒకరోజు అతనిలోని మృగం లేచి, అతనే ఆమె మీద పడతాడు. తేరుకుంటాడు కాని, జరిగింది జరిగిందే. రక్షకుడికీ హింసించేవాడికీ మధ్య ఉందని మనం నమ్మే గోడ ఎంత పల్చనిదో ఇంత సూటిగా చెప్పిన వీరగాథ నేను ఇంకోటి చదవలేదు. అప్పటినుంచే గట్స్ తోడు వస్తామన్నవాళ్ళని రానిస్తాడు. ఒక్కడూ ఆమెను కాపాడలేడని, తననుంచి కూడా ఆమెను కాపాడాలని ఒప్పుకుంటాడు. అతని ఎదుగుదల ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఆ ఒప్పుకోలునే చూపిస్తాను.

అలా వచ్చినవాళ్ళలో ఫార్నీస్ ఒకతె. పెద్దింటి పిల్ల, మత సైన్యానికి నాయకత్వం వహించి మనుషుల్ని కాల్పించిన మనిషి. ఇంట్లో ఎవరూ పట్టించుకోని బాల్యం ఆమెది. కాస్కా బాధ్యత ఆమెకి అప్పజెబుతారు. మొదట్లో ఆమెకి తల దువ్వడం కూడా చేతకాదు. ఆ సేవలోనే ఆమెకి మనుషుల పట్ల లక్ష్యం ఏర్పడుతుంది. చివరికి ఎల్ఫ్‌హెల్మ్ అనే ద్వీపంలో, కాస్కా మనసు లోపలికి వెళ్ళే దారి తెరుచుకున్నప్పుడు, వెళ్ళేది గట్స్ కాదు. ఫార్నీస్, షీర్కె అనే చిన్న మంత్రగత్తె వెళతారు. అక్కడ కాస్కా ఒక శవపేటికలో పడున్న పగిలిన బొమ్మ. గాయాలతో ఉన్న కుక్క ఒకటి ఆ పేటికను లాగుతూ ఉంటుంది. ఆ కుక్క గట్స్. కాస్కా లోపల అతనికి ఉన్న చోటు అది. కాపలా, మోత, అంతే. ముక్కలు ఒక్కొక్కటీ ఏరి, గ్రహణపు జ్ఞాపకం దాకా నడిచి, బొమ్మను అతికించేది ఇద్దరు ఆడవాళ్ళు. రాయైన అహల్యకి పాదం సోకితే చాలునన్న కథ వింటూ పెరిగినవాళ్ళం మనం. ఇక్కడ మాత్రం పాదం గుమ్మం బయట ఆగిపోయింది.

కాస్కా కళ్ళు తెరుస్తుంది. ఫార్నీస్‌తో, షీర్కెతో మాట్లాడుతుంది. గట్స్ ఎదురుపడగానే గ్రహణం మొత్తం తిరిగొచ్చి కేక పెడుతుంది. ఎంత కావాలనుకున్నా అతని ముఖం చూడలేదు. ఆమె కోరుకునేదీ నువ్వు కోరుకునేదీ ఒకటి కాకపోవచ్చని అతనికి ముందే హెచ్చరిక ఉంది. జూడిత్ హెర్మన్ 1992లో వచ్చిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడంలో మూడు దశలు చెప్పింది: భద్రత, జ్ఞాపకం చేసుకుని దుఃఖించడం, మళ్ళీ లోకంతో కలవడం. ఈ దారి పొడుగునా అధికారం బాధితురాలి చేతిలోనే ఉండాలంటుంది. కాస్కా విషయంలో ఆ చివరి షరతే తప్పింది. ఆమెను మేల్కొలపాలని నిర్ణయించింది ఇతరులు. అడగడానికి ఆమె లేదు, నిజమే. కాని మరపులో ఉన్న కాస్త నెమ్మదినీ తీసేసి ఆమెకి గ్రహణాన్ని తిరిగిచ్చారు. మేల్కొన్నాక ఆమె తనకై తను తీసుకున్న మొదటి స్థలం, గట్స్‌కి దూరంగా ఉండడం. మనసు ఒప్పుకున్నా ఒళ్ళు ఒప్పుకోని దూరం అది. గట్స్ ఆ దూరాన్ని ఒప్పుకుని వెనక్కి జరుగుతాడు.

ఇప్పుడు మా ఇంటి విషయం. మా పిన్ని కూతురు పెళ్ళైన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చి, దాదాపు మూడేళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను అప్పుడు స్త్రీల ఆత్మకథల్లో మౌనం మీదే పీహెచ్.డీ. చేస్తున్నాను. వారం వారం ఫోన్ చేశాను, పుస్తకాలు పంపాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తను నోరు విప్పిన రోజు మొదట నాకే చెప్తుందని ఎంత గట్టిగా నమ్మానో! తను చెప్పింది టైలరింగ్ నేర్పే ఒకావిడకి. తర్వాత ఒక పెళ్ళిలో తను నలుగురితో నవ్వుతూ కనిపిస్తే దగ్గరికెళ్ళాను. నవ్వు ఆగిపోయింది. "నిన్ను చూస్తే ఆ రోజులే గుర్తొస్తాయక్కా, ఏమనుకోకు" అంది. నేను ఏమీ అనుకోలేదన్నాను. చాలా అనుకున్నాను. ఇంత చేశాను కదా, అనుకున్నాను.

కాస్కా కేక పెట్టిన పేజీ చూసినప్పుడు, గట్స్ ఎక్కడ నిలబడ్డాడో నాకు బాగా తెలుసు. అన్నేళ్ళు స్త్రీవాద విమర్శ చదివి, బాధితురాలి పక్కనే ఉన్నాననుకున్న నేను, నిజానికి గట్స్ పక్కన, చేతిలో లెక్కల పుస్తకంతో ఉన్నాను. మన చుట్టూ హింస నుంచి బయటపడిన ఆడవాళ్ళకి సాయం చేసేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. వాళ్ళ కథ మనకే చెప్పాలని, వాళ్ళు కోలుకోవడం మన కళ్ళ ముందే జరగాలని లోపల ఎక్కడో ఆశపడుతున్నామా అని ఒకసారి అడుక్కోవాలి.

మియురా 2021 మే 6న, 54 ఏళ్ళ వయసులో, కథ ముగించకుండానే చనిపోయాడు. కథ ఎటు పోతుందో అతని నోట విన్న స్నేహితుడు కౌజీ మోరీ పర్యవేక్షణలో 'స్టూడియో గాగా' చిత్రకారులు 2022 జూన్ నుంచి కొనసాగిస్తున్నారు. ఆ భాగాల్లో గ్రిఫిత్ కాస్కాని మళ్ళీ ఎత్తుకుపోతాడు, గట్స్ మళ్ళీ కుప్పకూలతాడు. ఇరవయ్యొక్క ఏళ్ళకి మాట దొరికిన స్త్రీని మళ్ళీ ఒక మగవాడి దుఃఖానికి కారణంగా మాత్రమే మారుస్తారేమోనని నా భయం. ఇకముందు పేజీల్లో గట్స్ ఆమెను ఎలా విడిపిస్తాడన్నది నాకు పెద్దగా పట్టదు. దండును నడిపిన ఆ మనిషి ఏమనుకుంటోందో, ఆమె నోట వినాలని ఉంది.

మా చెల్లెలు ఇప్పుడు సొంతంగా కుట్టు షాపు నడుపుతోంది. పోయిన దసరాకి పిన్నితో నాకొక జాకెట్టు కుట్టి పంపింది. కొలతలు అడగలేదు. సరిగ్గా సరిపోయింది. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను. బాగుందని పిన్నితోనే కబురు పంపాను.