నీళ్ల మీద బోర్లా

పాత ఇరవై రూపాయల నోటు మదనపల్లె టమోటా మార్కెట్‌లో చేతులు మారని రోజంటూ ఉండేది కాదు. ఎర్రటి ఆ నోటు వెనకవైపు కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా ఒక లైట్‌హౌస్ ఉంటాయి. అండమాన్‌లో మౌంట్ హారియెట్ కొండ మీద నిలబడి నార్త్ బే వైపు చూస్తే కనిపించే దృశ్యమది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో, బాహుదా నదిలో నీళ్లు పారితే చూడటానికి జనం వంతెన మీదికి వచ్చే ఊళ్లో, ఆ సముద్రం ఏళ్ల తరబడి మా జేబుల్లోనే ఉండింది.

ఇప్పుడు సరిగ్గా ఆ చోటికే మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి మనవాళ్లు బయల్దేరుతున్నారు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఎల్‌టీసీ మీద వెళ్లే టీచర్లు, టమోటాకు మంచి ధర పలికిన ఏడాదిలో రైతు కుటుంబాలు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు రోడ్డు మీద బెంగళూరు విమానాశ్రయం చేరతారు, కుప్పం వాళ్లు రైలెక్కి చెన్నైకో బెంగళూరుకో పోతారు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక ఒక రోజు స్పీడ్‌బోట్‌కు కేటాయిస్తారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గానీ జనం నోట ఇంకా పాత పేరే నడుస్తోంది. పొద్దున రాస్ దీవి, తర్వాత నార్త్ బేలో స్నార్కెలింగ్, సాయంత్రానికి హోటలు. ఈ వారం ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నాను. ఆ రోజులో నేర్చుకోదగ్గ విద్య ఒకటుంది. మనవాళ్లు దాన్ని పది నిమిషాల ఆటగా ముగించి, ఫొటో తీయించుకుని వచ్చేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

జెట్టీ దగ్గర పేర్లు రాయించుకుంటారు, గుర్తింపు కార్డు చూస్తారు, నారింజరంగు లైఫ్ జాకెట్ తొడిగి బకిల్స్ బిగిస్తారు. ఇదంతా ఆలస్యమని విసుక్కునేవాళ్లకు ఒక తేదీ చెప్పాలి. 2014 జనవరి 26న ఈ నీళ్లలోనే, ఈ దీవుల మధ్యే ఒక పర్యాటకుల పడవ మునిగి కనీసం 21 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కాంచీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. అంటే మన చిత్తూరు పక్కవాళ్లే. పాతిక మందికి అనుమతి ఉన్న పడవలో నలభై దాటి ఎక్కించారు. పడవలో ఎంతమందికి అనుమతి ఉందో అడగండి, ఎక్కినవాళ్లను మీరే లెక్కపెట్టండి, ఎక్కువైతే దిగిపోండి. మొహమాటం పనికిరాని చోటు ఇది.

స్పీడ్‌బోట్ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముక్కు పైకెత్తి అలల మీద దబదబ కొట్టుకుంటూ పోతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు వెనక, ఇంజిన్ దగ్గర కూర్చోవాలి. ముందువైపు కుదుపు ఎక్కువ. రాస్ దీవిలో మర్రిజాతి చెట్ల వేళ్లు చర్చి గోడల్ని, దొరల బంగళాల్ని పట్టి నిలబెట్టి ఉంటాయి. 1858లో ఖైదీల స్థావరం మొదలైనప్పటి నుంచి ఎనభై ఏళ్లకు పైగా తెల్లదొరలు ఈ చిన్న దీవి నుంచే అండమాన్‌ను ఏలారు. 1941 జూన్‌లో వచ్చిన భూకంపం దీన్ని పగలగొట్టింది, మరుసటేడు జపాన్ సైన్యం దిగింది. 2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. జింకలు మనిషి చేతి దాకా వస్తాయి. అన్నీ బాగుంటాయి. కానీ నా మనసు మాత్రం నార్త్ బే మీదే ఉంటుంది.

మేం వెళ్లినప్పుడు అక్కడ మమ్మల్ని నీళ్లలోకి దించిన గైడు తెలుగువాడు. ఇందులో వింత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది. మా గైడు తాతల కాలంలో సోంపేట నుంచి వచ్చిన కుటుంబంవాడు. ఆ ఊరిని అతను చూడలేదట, యాస మాత్రం పోలేదు.

నాతో వచ్చినవాళ్లలో పుంగనూరు దగ్గర పల్లె నుంచి మా మామ, అత్త, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వాళ్ల మనవడు ఉన్నారు. మామది రాయలసీమ మీసం. మాస్క్ రబ్బరు అంచు పై పెదవి మీద చర్మానికి అంటుకుని కూర్చుంటేనే లోపలికి నీళ్లు రావు. మధ్యలో మీసం ఉంటే ఆ సందులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. "మీసం తీసేసి రావాల్రా బాబూ ఇలాంటి పనులకి," అని పక్క పడవవాడెవరో అన్నాడు. "మీసం తీసేదేందప్పా, ఆ మాటే లేదు," అన్నాడు మామ. గైడు నవ్వి, వేజలైన్ డబ్బా తీసి మీసం మీద మందంగా రాశాడు. చాలావరకు ఆగింది. తర్వాత అందరి మాస్కుల్లోనూ ఉమ్మి, వేలితో రుద్ది, నీళ్లతో తొలిపి ఇచ్చాడు. అద్దానికి లోపల ఆవిరి పట్టకుండా ఉండటానికి ఇంతకంటే సులువైన మందు ఎక్కడా లేదు.

స్నార్కెల్ గొట్టం అడుగుకు కాస్త ఎక్కువ పొడవుంటుంది, అంతే. ఇంకా పొడుగ్గా ఉంటే ఇంకా లోతుకు పోవచ్చు కదా అని మనవడు అడిగాడు. మంచి ప్రశ్న. గొట్టం పొడుగైతే మనం వదిలిన గాలి బయటికి పోకుండా అందులోనే నిలిచి, దాన్నే మళ్లీ పీలుస్తాం. పైగా నీటిలోకి దిగేకొద్దీ ఆ బరువు రొమ్మును నొక్కుతుంది. మీటరు లోతుకే ఊపిరితిత్తులు విప్పారడానికి కష్టపడతాయి. అందుకే ఈ విద్య నీటి పైపొరకే పరిమితం. బోర్లా పడుకుని, ముఖం మాత్రం నీళ్లలో పెట్టి, నోటితో నెమ్మదిగా ఊపిరి తీస్తూ కిందికి చూడటం. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. ఉన్న కష్టమంతా ఇంతలోనే ఉంది.

అత్త చిన్నప్పుడు పల్లెలో కపిల బావిలో ఈత నేర్చింది. నడుముకు సొరబుర్ర కట్టి తోసేవాళ్లట. అరవై దాటిన మనిషి, చుడీదార్ మీద లైఫ్ జాకెట్ వేసుకుని, ఏ బెరుకూ లేకుండా నీళ్లలోకి దిగింది. ముఖం పెట్టిన మరుక్షణమే ఉక్కిరిబిక్కిరై లేచింది. బావి ఈతలో మనిషి ఊపిరి బిగబడతాడు. దూకేముందు గుండెల నిండా గాలి పీల్చి, బిగించి, పైకొచ్చాకే వదులుతాడు. ఆమె ఒళ్లు నీటికి లొంగింది గానీ ఊపిరి పాత అలవాటులోనే బిగుసుకుంది. మనవడిది దీనికి తలకిందులు. నోటితో గాలి తీయడం వాడు రెండు నిమిషాల్లో పట్టేశాడు. ఒంటిని మాత్రం వదల్లేకపోయాడు. మోకాళ్లు కిందికి దిగిపోతున్నాయి, కాళ్లు నేల వెతుకుతున్నాయి, చేతులు గైడు ట్యూబును పిడికిళ్లతో పట్టుకున్నాయి. ఒకరికి నీళ్లు తెలుసు, ఒకరికి గొట్టం తెలిసింది. ఈ రెండూ కలిసిన మనిషి మా పడవలో ఒక్కరూ లేరు.

గైడు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. "లాగకండి బాబూ. ముందు వదలండి. మొత్తం వదిలేస్తే లోపలికి అదే వస్తాది." అతని పనితనం నాకు అప్పుడు కనిపించింది. ఎవరి భయం ఊపిరిలో ఉందో, ఎవరిది కాళ్లలో ఉందో చూపుతోనే కనిపెట్టాడు. అత్త వీపు మీద అరచెయ్యి పెట్టి, ఆమె ఊపిరి వదిలేదాకా ఆ చెయ్యి తీయలేదు. మనవడి చీలమండలు పట్టుకుని పైకి తేల్చి, "కింద నేలుంది, దాని పని దానిది, మీ పని మీది," అన్నాడు. రోజుకు ఎన్ని పడవలొస్తే అన్ని గుంపుల్ని ఇలా తిప్పుతాడు. ఈ పనిని మనం టిప్పు ఇచ్చి మరిచిపోయే సేవగా చూస్తున్నాం. నా దృష్టిలో అతను గురువు.

కాసేపటికి అత్త చేతులు చాచి, కదలకుండా తేలింది. కింద ఏముందో అప్పుడు గానీ కనబడదు. మాస్క్ అద్దం వెనక గాలి, ముందు నీరు ఉండటం వల్ల వస్తువులు అసలుకంటే మూడోవంతు పెద్దగా, కాస్త దగ్గరగా కనిపిస్తాయి. కదిలే మనిషి చుట్టూ చేపలు ఉండవు. నిశ్చలంగా ఉన్నవాడి కిందికి నెమ్మదిగా వస్తాయి. చిలుకముక్కు చేపలు పగడపు రాయిని కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. అవి నమిలి విసర్జించిందే ఇలాంటి తీరాల్లో తెల్లటి ఇసుకలో కొంత భాగం. సముద్ర పుష్పాల (సీ ఎనిమోన్ల) మీసాల మధ్య నారింజరంగు చేపలు దూరి బయటికొస్తుంటాయి. ఇవన్నీ చూడటానికి పది నిమిషాలు చాలవు. చూపు నీటికి అలవాటు పడటానికే అంత పడుతుంది.

ఒడ్డుకు దగ్గర ఉన్న పగడాల్లో బూడిదరంగు తిరిగినవి, విరిగినవి చాలా కనిపించాయి. పగడం రాయి కాదు, ప్రాణి. గోరంత కూడా లేని జీవాలు వేలకు వేలు కలిసి సున్నపు ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముండి ఎండతో ఆహారం చేసి పెడుతుంది. ఆ రంగులో ఎక్కువభాగం నాచుదే. సముద్రం మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2010 వేసవిలో అండమాన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. దాని మీద మన కాళ్లు. గుండ్రాయిలా పెరిగే రకాలు ఏడాదికి సెంటీమీటరు పెరగడం గొప్ప. బెదిరి కాలు కింద పెట్టిన ఒక్క మనిషి ఏళ్ల పెరుగుదలను ఒక్క తొక్కుతో పాడుచేస్తాడు. ఒంటిని తేల్చడం నేర్చుకోవాలని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. తేలడం రానివాడు ఎంత మంచివాడైనా తొక్కుతాడు. ఇక విరిగిన ముక్క ఇంటికి తెచ్చుకుందామనుకునేవాళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని గుర్తుపెట్టుకోవాలి. విమానాశ్రయంలో సంచులు తెరిపిస్తారు.

రెండు మూడు దీవులు ఒక్కరోజులో చుట్టే ప్యాకేజీలకు నేను వ్యతిరేకిని. లెక్కకు ఎక్కువ, కంటికి తక్కువ. రాస్‌ను వేరే పూట చూసి, ఒక రోజంతా ఒకే నీళ్లకు ఇవ్వండి. వీలైతే పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ దాకా వెళ్లి జాలీ బాయ్ దీవికి పడవ ఎక్కండి. అది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలోది. పదిహేను దీవులున్న ఆ వనంలో అటవీశాఖ కొన్ని నెలలు జాలీ బాయ్‌ను, కొన్ని నెలలు రెడ్ స్కిన్ దీవిని తెరుస్తుంది, ఒకటి తెరిచినప్పుడు రెండోదానికి విశ్రాంతి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకెళ్లనివ్వరు. ఈ కట్టుబాటు నాకు చాలా నచ్చింది. మన హార్సిలీ హిల్స్ మీద కూడా ఇలాంటిది నిక్కచ్చిగా అమలైతే చూడాలని ఉంది.

అసలు మాట మన ఊళ్లలో ఉంది. మా తరం వరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బావులుండేవి, ఈత వాటిలో వచ్చేది. బోర్లు వచ్చి, వందల అడుగులు దాటి కొన్నిచోట్ల వెయ్యి అడుగులకు పోయాక బావులు ఎండి, ముళ్లకంపతో పూడిపోయాయి. వాటితో పాటు ఈత పోయింది. వానలు పడి చెరువులు నిండినప్పుడో, ఎండాకాలం సెలవుల్లోనో, పిల్లలు మునిగిపోయిన వార్త చదవని ఏడాది లేదు. 2025 ఆగస్టు చివర్లో హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. చెరువుల్లో నీళ్లు నిలవబోతున్నాయి, పిల్లలు వాటి దగ్గరికి పోకుండా ఉండరు. నీళ్లు రాకముందు మనం నీళ్ల కోసం కొట్లాడాం. వచ్చాక పిల్లలకు తేలడం నేర్పే పని మొదలుపెట్టాలి. కట్ట పక్కన లోతు కొలిచిన చోట, తాడు కట్టి, ఈత తెలిసిన పెద్దమనిషిని పెట్టి, బడి తరఫున నేర్పవచ్చు. ఈత పోటీలకు కాదు, వెల్లకిలా, బోర్లా, బెదరకుండా పది నిమిషాలు నీటి మీద ఉండగలగడానికి. ఆ పది నిమిషాలు కుప్పం చెరువులో పిల్లాడి ప్రాణం కాపాడతాయి, నార్త్ బేలో పగడాన్ని కాపాడతాయి.

వచ్చే జనవరిలో మదనపల్లె నుంచి ఒక టీచర్ల బృందం వెళ్తోంది. వాళ్లు నన్ను అడిగితే చెప్పినవి ఇవి. బయల్దేరే ముందు బెంగళూరులో ఏదైనా ఈతకొలనులో, నడుములోతు నీళ్లలో, మాస్క్ పెట్టుకుని గోడ పట్టుకుని ముఖం ముంచి ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోటికి గానీ, గైడు చెప్పిన హద్దు దాటి గానీ వెళ్లొద్దు. ఉప్పునీటి మొసళ్లు అండమాన్‌లో నిజంగానే ఉన్నాయి. పొద్దున మొదటి పడవకే వెళ్లండి. గాలి లేవకముందు, గుంపులు ఇసుక రేపకముందు నీళ్లు తేటగా ఉంటాయి. గైడుతో ముందే మాట్లాడుకుని, ట్యూబు పట్టుకుని లాగించుకునే చుట్టు వద్దని, ఒక్కచోట అరగంట తేలనివ్వమని అడగండి. దానికి అదనంగా డబ్బులడిగితే ఇవ్వండి.