లఘుచిత్రములు – చూపరులు

లఘుచిత్రములకు నేడు కొదువ లేదు. చేతిలోని ఫోనుతోనే చిత్రము తీయవచ్చును. తీసినదానిని యూట్యూబున నుంచుటకు వ్యయ మక్కఱలేదు. ఉత్సవములును పెరిగినవి. ప్రవేశరుసుము, న్యాయనిర్ణేతలు, జ్ఞాపికలు, శాలువలు అన్నియు నున్నవి. లేనివారు చూపరులే. పెక్కు ఉత్సవములలో కుర్చీల నలంకరించువారు చిత్రములు తీసినవారును, వారి బంధుమిత్రులును. తమ చిత్రము ముగియగానే లేచిపోవువారును గలరు. కవులే శ్రోతలైన కవిసమ్మేళనమువలె నున్నది.

చిత్రము తీయుట యొక విద్య. దానికి జనమును కూర్చుట మఱియొక విద్య. ఈ రెండవదానిలో బందరున పుట్టిన రఘుపతి వెంకయ్యగారిని మించిన గురువు మనకు లేడు. తొలినాళ్ల చలనచిత్రము లన్నియు లఘుచిత్రములే గదా! 1895 డిసెంబరు 28న పారిసు నగరమున లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపిన పది చిత్రములలో ఏదియు నిమిషమునకు మించలేదు. మద్రాసున ఛాయాచిత్రములు తీయుచుండిన వెంకయ్యగారు 1910లో క్రోనోమెగాఫోనను యంత్రమును సంపాదించిరి. తెరపై బొమ్మ కదలుచుండగా గ్రామఫోను పళ్లెమునుండి ధ్వని వినవచ్చుట దాని విశేషము. విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించి, అంతటితో తృప్తి చెందక, డేరా వేసికొని ఊరూర తిరిగి, బర్మా, సింహళముల వరకు పోయిరి. ఆ పిమ్మటనే మద్రాసున గెయిటీ హాలు కట్టిరి. కూచిపూడి భాగవతులును తమ యూర కూర్చుండి జనమును పిలువలేదు. మేళము కట్టి గ్రామములకు పోయిరి. మన ఉత్సవనిర్వాహకులు ముందు హాలు కుదుర్చుకొని పిదప చూపరులను వెదకుచున్నారు.

బలవంతముగా చూపుటయు మన మెఱిగినదే. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజనువారి వార్తాచిత్రములను, డాక్యుమెంటరీలను అసలు చిత్రమునకు ముందు ప్రతి హాలును చూపవలెనను నిబంధన చిరకాలము సాగినది. వానిలో మేలైనవి లేకపోలేదు. కాని జనము ఆ కొలది నిమిషములను బయట బీడీ కాల్చుకొనుటకు వినియోగించిరి. జర్మనీలో ఓబర్‌హౌజెన్ అను బొగ్గుగనుల పట్టణమున నడచిన మార్గము వేఱు. అచ్చటి లఘుచిత్రోత్సవమును 1954లో ఆరంభించిన హిల్మర్ హాఫ్‌మన్ వయోజన విద్యాశాల నడపినవాడు. చూచుట నేర్పుటయు విద్యలో భాగమని యాయన తలంపు. 1962లో అచ్చటనే 26 మంది యువకులు పాతసినిమా చచ్చినదని ప్రకటించిరి.

మనకు లఘుచిత్రము నిచ్చెనమెట్టు. ‘సైన్మా’ యను లఘుచిత్రము తీసిన తరుణ్ భాస్కరుగారు 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసి జాతీయ పురస్కార మందిరి. సంతోషమే. ఐతే ఆ దారి చూచి ఎందఱో యువకులు నిర్మాత యొక్కనికి చూపుటకే చిత్రము తీయుచున్నారు. ఒక్కని కొఱకు తీసినదానిని ఊరంతయు ఏల చూడవలెను? పది నిమిషములలో ఒక పోరాటము, ఒక పాట, నాయకుని మందగమనము! రాగిపై పలుచని బంగారము తాపిన నగలకు చిలకలపూడి ప్రసిద్ధి. ఆ పనివారు తమ సరకు మేలిమియని బొంకరు. కొనువారి మెడయు, చేతిలోని పైకమును ఎఱిగి చేయుదురు. మన లఘుచిత్రమో పెద్దచిత్రమని భ్రమింపజేయ జూచును.

ఆ చిలకలపూడిలోనే, పాండురంగస్వామి కార్తికోత్సవమునకు జనము మూగునప్పుడు, ఒక తెర కట్టి చూడరాదా? బహుమతులు వలదు. గంటకు మించని అయిదు చిత్రములు చాలును: నగలపని వారి బ్రతుకు నొకటి, దివిసీమ ఉప్పెన నెఱిగిన ముసలమ్మ మాట నొకటి. రాత్రి రాలేని గృహిణులకై మధ్యాహ్నము గ్రంథాలయమున మఱల చూపవలెను. తీసినవారు వేదిక నెక్కక చూపరుల నడుమ కూర్చుండి, ఎచ్చట నవ్విరో, ఎచ్చట ఆవులించిరో గుర్తించుకొనవలెను. మఱుసటి వారము అవే చిత్రములను గుడివాడకును, అవనిగడ్డకును గొనిపోవలెను. అప్పటికి వానిలో ఒకటి రెండు కత్తెర తినియే యుండును.