దూరదర్శన్ కన్ను: ఒక గుర్తు గుణదోష విచారణ

గుర్తు అనగా అక్షరములు లేని పేరు. చదువు వచ్చినవానికిని రానివానికిని చూడగనే ఇది ఫలానావారిదని తెలియజేయుట దాని పని. ఆ పని ఎంతవరకు నెరవేరినదో తూచి చెప్పుటయే గుర్తును విమర్శించుట. ప్రభుత్వ ప్రసార సంస్థయైన దూరదర్శన్ తెరమీద చూపుచు వచ్చిన గుర్తును ఈ దృష్టితో పరిశీలింపదలచితిమి. వీధిలో మరాఠీ, ఇంటిలో తెలుగు మాటలాడుకొను మన బాబుపేట కుటుంబములకు ఈ విచారణతో పనియున్నదని మా నమ్మకము.

టెలివిజన్ రాకపూర్వము ప్రభుత్వము తెరమీద కనబడినది సినిమాహాలులోనే. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రము ముగిసినగాని అసలు కథ మొదలయ్యెడిది కాదు. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆకాశవాణి నీడన ఆరంభమై, 1976లో వేరుకాపురము పెట్టినవి. వేరుపడిన ఇంటికి తనదైన గుర్తు కావలసివచ్చెను.

ఆ గుర్తును గీచినవాడు పేరుమోసిన చిత్రకారుడు కాడు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను విద్యాలయమున చదువుకొనుచున్న దేవాశీష్ భట్టాచార్య అను విద్యార్థి. రెండు వంపులు ఒకదానినొకటి చుట్టుకొనుచున్నట్లుండును. నడుమ ఒక గుండ్రని బింబము. మొత్తము చూచిన మనుష్యుని కన్ను. తెరమీద ఆ వంపులు మెల్లమెల్లగా తిరుగుచు వచ్చి కన్నుగా కుదుటపడును. పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహమ్మద్ హుసేన్ ఖాన్ కలిసి కూర్చిన నాదము దానికి తోడయ్యెను. 1976 ఏప్రిల్ 1న అది మొదటిసారి ప్రసారమైనది.

దీని గుణములు మూడు. మొదటిది, కన్ను ఏ లిపికిని చెందదు. క్రింద దేవనాగరిలో పేరు వ్రాసినను, వ్రాయకున్నను గుర్తునకు లోటు లేదు. రెండవది, దాని నిదానము. వంటింటిలోనున్న ఇల్లాలు చేయి కడుగుకొని వచ్చి కూర్చుండుటకు అది వ్యవధి నిచ్చెడిది. నాదము పిలుపు, చిత్రము స్వాగతము. మూడవది, "సత్యం శివం సుందరం" అను ఆదర్శవాక్యము. ఈ మూడు మాటలకు తెలుగువానికిగాని మరాఠీవానికిగాని అర్థము చెప్పనక్కరలేదు.

ఇక దోషము. ఈ గుర్తు పుట్టిన తేదీని మరల చూడుడు. 1975 జూన్ నుండి 1977 మార్చి వరకు దేశమున అత్యవసర పరిస్థితి నడచెను. పత్రికలపై సెన్సారు ఉండెను. సత్యమను మాటను తగిలించుకొన్న కన్ను సరిగా ఆ నడుమనే తెరచుకొనెను. కచేరీలో ముప్పదియేండ్లు కాగితములపై ముద్రలు వేసిన మాకొక సంగతి తెలియును: ముద్ర ఎంత స్పష్టముగా పడినను కాగితములోని మాట దానివలన నిజము కాదు. దూరదర్శన్ కన్ను సుందరమని ఒప్పుకొందము. సత్యమా అనునది ప్రతిదినపు వార్తతో వేరుగా తేల్చుకొనవలసిన విషయము. గుర్తు అందమును చూచి సంస్థను మెచ్చుట, సంస్థమీది కోపముతో గుర్తును తెగడుట, రెండును తప్పే.

1982 ఆగస్టు 15న రంగుల ప్రసారము, దేశమంతటికి ఒకే జాతీయ కార్యక్రమము వచ్చినవి. తరువాత కొద్ది యేండ్లలోనే ట్రాన్స్‌మిటర్లు చిన్న పట్టణములకును వ్యాపించెను. టి.వి. ఉన్న ఇంటి వసారాలో ఆ రోజులలో మరాఠీవారును, తెలుగువారును, హిందీవారును ఒకే చాపమీద కూర్చుండెడివారు. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రము వేసెడివారు. ఒక్కొక్కవారము ఒక్కొక్క భాష. తెలుగు వంతు వచ్చుటకు వారముల తరబడి వేచియుండెడివారము. వచ్చిననాడు పొరుగు మరాఠీ ఇల్లాలును మనతో కూర్చుండి కన్నీరు పెట్టుకొనెడిది. తెలుగు కొంచెమే దొరకెను, కాని నలుగురి నడుమ గౌరవముగా దొరకెను.

పిదప ఉపగ్రహముల పుణ్యమా అని ఛానెళ్లు పెరిగెను. కన్ను చిన్నదై తెర మూలకు జరిగెను. దాని ప్రక్కన పేరు వ్రాయక తప్పలేదు. మరాఠీవారిది సహ్యాద్రి, ఆంధ్రప్రదేశ్‌వారిది సప్తగిరి, 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణవారిది యాదగిరి. మూడును కొండల పేర్లే. మనము ఈ మూడింటిలో ఏ కొండ నీడవారము? నివాసమునుబట్టి ఒకటి, భాషనుబట్టి తక్కిన రెండు. తెలుగు రోజంతయు దొరకుచున్నది, ఇది చిన్న లాభము కాదు. కాని ఒకే కన్నుక్రింద కూర్చున్నవారు ఎవరి గదిలో వారు, ఎవరి కొండ వారు చూచుకొనుచున్నారు. పేరు అవసరమైనచోట గుర్తు బలము తగ్గినదని అర్థము.

2017లో ప్రసార భారతి క్రొత్త గుర్తుకొరకు ప్రజలనుండి నమూనాలు కోరెను. ఐనను కన్ను నేటికిని నిలిచియే యున్నది. జనము కంటికి అలవాటైన దానిని తీసివేయుట సులభము కాదు. 2024 ఏప్రిల్‌లో, లోకసభ ఎన్నికల వేళ, వార్తల ఛానెల్ గుర్తు ఎరుపునుండి కాషాయమునకు మారగా పెద్ద వాదము చెలరేగెను. కాషాయము మనకు పూజ్యమైన రంగే. మా ఆక్షేపణ రంగుపై కాదు, వేళపై. అందరికిని చెందిన గుర్తు ఒక పక్షముదేమో అన్న సందేహమునకు చోటీయరాదు. సందేహము కలిగిన క్షణముననే కన్ను ఒక ప్రక్కకు చూచుచున్నట్లు తోచును.

ఈ విచారణ మన ఇంటికిని వర్తించును. మన సంఘముల పలకలపై, ఆహ్వానపత్రికలపై తెలుగు అక్షరములే గుర్తుగా చెక్కించుకొనుచున్నాము. మరాఠీ బడిలోను ఇంగ్లీషు బడిలోను చదువుచున్న మన మనుమలలో వానిని చదువగలవారెందరు? వారికది లిపి కాదు, గీతలే. కావున రెండు పనులు కలసి జరుగవలెను. పిల్లలకు అక్షరములు నేర్పవలెను. అంతవరకు, చదువలేని బిడ్డయు చూచి "ఇది మనది" అని వ్రేలు పెట్టి చూపగల గుర్తొకటి కావలెను. ఆ గుర్తును పెద్దలము గీయింపనక్కరలేదు. దూరదర్శన్‌వారి కన్నును గీచినది ఒక విద్యార్థి. మన పిల్లల చేతికే కాగితము ఇచ్చి చూతము.