చింతను గూర్చిన నమ్మకములు - హృద్రోగులు

గుండెపోటు నుండి కోలుకొన్నవానికి "మరల వచ్చునేమో" యను భయము సహజము. కొందరిలో ఇది కొద్దినాళ్లకే అణగిపోవును. కొందరిని రాత్రింబవళ్లు పీడించును. ఈ భేదమునకు కారణమేమి?

మాంచెస్టరు విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ వెల్స్ ఇచ్చిన సమాధానము ఆలోచింపదగినది. కీడు తలంపులో లేదు. తలంపును గూర్చి రోగికి గల నమ్మకములో ఉన్నదని ఆయన వాదము. "చింతించుచుండినచో జాగ్రత్తగా ఉందును" అనునది ఒక నమ్మకము. "చింత నా వశములో లేదు, అదియే నా గుండెను ఆపివేయును" అనునది మరియొకటి. మొదటిది రోగి మాటిమాటికి నాడి చూచుకొనునట్లు చేయును. రెండవది తలంపులను బలవంతముగా అణచుటకు పురికొల్పును. కలతనీటిని చేతితో కెలికినకొలది మరింత బురదయగును గాని తేరుకొనదు గదా!

వెల్స్ బృందము ఈ సిద్ధాంతముపై ఆధారపడిన చికిత్సను పరీక్షించి, 2021లో "సర్క్యులేషన్" పత్రికలో ఫలితములను ప్రకటించినది. ఇంగ్లండులో ఆందోళనగాని క్రుంగుబాటుగాని గల 332 మంది హృద్రోగులను రెండు వర్గములుగా చీటీలు వేసినట్లు విభజించిరి. ఒక వర్గమునకు మామూలు పునరావాస చికిత్స. రెండవదానికి దానితోపాటు ఆరు సామూహిక శిక్షణలు. చింతను వాయిదా వేయుట, దృష్టిని మరలించుట అందు నేర్పిరి. నాలుగు నెలల పిమ్మట, 42 మార్కుల కొలతపై శిక్షితుల బాధ సగటున 3 మార్కులకు పైగా తక్కువగా నుండెను. ఏడాదికి ఆ తేడా సుమారు 2 మార్కులకు తగ్గినను నిలిచియే యున్నది.

ఇది మెచ్చదగిన పనియే. కాని మొదటి వర్గమునకు సాటి సమావేశములు లేవు. కావున మేలు నమ్మకములు మారుటవలన కలిగినదో, తోటి రోగులతో కూర్చుండి మాటలాడుటవలన కలిగినదో ఈ పోలికవలన తేలదు. పైగా కొలత రోగులే నింపిన ప్రశ్నావళి. తామే వర్గమువారో వారెరుగుదురు.

ఇంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. గుండెపోటు తరువాత క్రుంగుబాటు గలవారికి ఆరు నెలలలో మరణాపాయము హెచ్చని 1993లోనే మాంట్రియాలులో నాన్సీ ఫ్రాజూర్-స్మిత్ బృందము చూపినది. అట్లయిన "చింత గుండెకు చేటు" అను రోగి భయము వట్టి భ్రమయా? కాదు. నెలల తరబడి సాగు క్రుంగుబాటు వేరు, క్షణకాలపు తలంపు వేరు. ఈ వివేచన చేయక "నీ నమ్మకమే నీ రోగము" అనినచో రోగిపై నేరము మోపినట్లగును. ఛాతీనొప్పి వచ్చినపుడు దానిని తలంపుగా త్రోసిపుచ్చుట ప్రాణాపాయము. వెంటనే వైద్యుని చేరవలెను. చింతను మాత్రము వాయిదా వేయవచ్చును.