తాబేటి చిప్ప నుంచి బంగారు నాణెం దాకా

పసిఫిక్ దీవుల దేశం పలావులో ఆడవాళ్లు తరతరాలుగా ఇచ్చిపుచ్చుకునే ధనాన్ని తొలుక్ అంటారు. హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు చిప్పను వేడికి మెత్తబరిచి, అచ్చులో ఒత్తి పళ్లెంలా మలుస్తారు. ఆ తాబేలు ఇప్పుడు అంతరించిపోయే దశకు వచ్చింది. దాని చిప్పల అంతర్జాతీయ వ్యాపారాన్ని వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం నిషేధించింది. అలాంటి పలావు 1992లో సముద్ర జీవుల రక్షణ పేరిట నాణేలు వేయించడం మొదలుపెట్టిందని తెలిశాక, అప్పటిదాకా పాత రాజుల కాసుల వెంట తిరిగిన నేను సముద్రం వైపు మళ్లాను.

ఆ వరుసలో రాగి-నికెల్, వెండి నాణేల మీది చేపలకు రంగులు అద్దుతారు. నాకు ప్రాణం మాత్రం రంగు పడని చిన్న బంగారు నాణెమే. బరువు 1.24 గ్రాములు, అంటే పాత కంసాలి లెక్కలో సుమారు పది గురివింద గింజల ఎత్తు. అడ్డంగా కొలిస్తే 14 మిల్లీమీటర్లు కూడా రాదు. అంత చోటులోనే పొలుసు, రెక్క, కన్ను వేటికవి తెలియాలి. అచ్చు చెక్కిన చెయ్యి ఎంత ఓపికగా కదిలిందో భూతద్దం పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. వేలిముద్ర పడితే ఆ నునుపు పోతుంది. అంచులే పట్టుకోవాలి, ఎప్పుడూ తుడవకూడదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే.

పలావు అంగళ్లలో చెల్లేది అమెరికా డాలరు. ఈ నాణెం సేకర్తల కోసం పుట్టింది. అందుకే వేయించిన దేశం సముద్ర జీవుల రక్షణ అన్న తన మాట నిలబెట్టుకుందా అని చూస్తాను. పలావు నిలబెట్టుకుంది. 2009లో తన సముద్రంలో సొరచేపల వేటను నిషేధించింది. 2020 జనవరి 1న తన హక్కులోని సముద్రంలో 80 శాతం మేర చేపల వేటకు అడ్డుకట్ట వేసింది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో పగడపు దిబ్బలను మూసేసే ఊరిపెద్దల పాత కట్టుబాటు, 'బుల్', దీనికి పునాది.

బంగారం వల్ల సముద్రానికి కీడూ ఉంది. చిన్న గనుల్లో బంగారాన్ని విడదీసే పాదరసం నదుల గుండా కడలి చేరి చేపల ఒంట్లో పేరుకుంటుంది. అయినా నాణేలు మేలూ చేయగలవు. 1970లలో ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరిట అనేక దేశాలు వేసిన నాణేల రాబడిలో కొంత ప్రాణిరక్షణకు వెళ్లింది. కోస్టారికా 1974 నాణేల మీద సముద్ర తాబేలు కూడా ఉంది. అలా రాబడిలో కొంత ప్రాణిరక్షణకు ఇవ్వడం ఇప్పటికీ సాధ్యమే. సముద్రం బొమ్మ ఉన్న నాణెం కొనేముందు అమ్మేవాళ్లను అడగండి: ఈ బంగారం ఎక్కడిది, నా సొమ్ములో సముద్రానికి చేరేదెంత? రాతపూర్వకంగా జవాబివ్వకపోతే కొనకండి.