కవిశిక్ష — శిష్యాధికారవిచారము

కవి పుట్టవలసినవాఁడే గాని యొకరు నేర్పఁగా నగువాఁడు గాఁడను మాట యాంధ్రదేశమునఁ బండితులలోను బామరులలోను నానుడియై వ్యాపించియున్నది. పాఠశాలలో నొక బాలుఁడు తన పద్యముల పుస్తకమును దెచ్చి చూపినప్పుడు పండితుఁడు గణములను యతిప్రాసములను మాత్రము దిద్ది, తక్కినదానిని బూర్వజన్మసంస్కారమున కప్పగించి పుస్తకమును మరల నిచ్చివేయుట సామాన్యాచారము. ఇదియే మన పూర్వుల మతమని చెప్పుటయుఁ గలదు. మఱియొకవైపునఁ బాశ్చాత్యదేశములందు రచనాశిక్షణము విశ్వవిద్యాలయములలోఁ బట్టపరీక్షలకు విషయమై, యా పద్ధతి మనదేశమునకును వచ్చినది. రుసుము చెల్లించినవారికెల్లఁ గథయుఁ గవితయు నేర్పుదుమను ప్రకటనలు వెలువడుచున్నవి. వీనిని జూచి నవ్వువారు పూర్వాలంకారికులను సాక్షులుగాఁ బిలుచుచున్నారు. ఆ సాక్షులు నిజముగా నేమి చెప్పిరో విచారింపవలసియున్నది.

మొదట గమనింపఁదగిన దేమనఁగా, కవిని దీర్చుటకు గ్రంథములు వ్రాసినవారు మన పూర్వులే. క్రీస్తుశకము 10వ శతాబ్ద్యారంభమునఁ గన్యాకుబ్జమున మహేంద్రపాలుని యాస్థానము నలంకరించిన రాజశేఖరుఁడు కావ్యమీమాంసను 18 యధికరణములుగా సంకల్పించెను. అందుఁ గవిరహస్యమను మొదటి యధికరణము మాత్రమే లభించినది. అదియు 1916లో బరోడానుండి గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలకుఁ బ్రథమగ్రంథముగా వెలువడినది. కాశ్మీరమున 11వ శతాబ్దియందు క్షేమేంద్రుఁడు కవికంఠాభరణమును రచించెను. కవి కేవలము పుట్టువాఁడే యైనచో నీ గ్రంథములు శక్తిలేనివానికి వ్యర్థములు, శక్తిగలవాని కనావశ్యకములు. అట్టి నిష్ఫలకార్యమున కీ మహామతులు పూనిరని తలఁచుట వారి బుద్ధి నవమానించుటయే.

మమ్మటుఁడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూఁటిని బేర్కొని, వానికి హేతుశబ్దము నేకవచనమునఁ బ్రయోగించినాఁడు. అవి మూఁడు హేతువులు గావనియు, మూఁడును గూడి యొక్కటే హేతువనియు వృత్తియందుఁ దానే విప్పి చెప్పినాఁడు. వ్యాకరణము చదివినవారి కీ వచనభేదము స్వల్పము గాదు. బహువచనమే యైయుండినచో, తృణారణిమణిన్యాయమున నే యొక్కటి యున్నను గార్యము సిద్ధించునని వాదింపవచ్చును. ఏకవచన మగుటచే దండచక్రాదిన్యాయమున సముదాయమునకే కారణత్వము గలుగుచున్నది. దండమున్నను జక్రము లేనిదే ఘటము పుట్టదు. కావున శక్తి యొక్కటియే చాలుననువారికి మమ్మటుఁడు సాక్షి గాఁడు. అభ్యాసము గావ్యజ్ఞుల శిక్షచేతఁ గలుగవలెననియు నాతఁడు చెప్పెను. కావ్యజ్ఞులనఁగాఁ గావ్యమును జేయుటయే గాక విచారించుటయు నెఱిఁగినవారు. ఎంత గొప్పకవి యైనను దన రచన యేల బాగుగా నున్నదో చెప్పలేనివాఁడు గురుస్థానమునకుఁ దగఁడని దీనివలనఁ దేలుచున్నది.

ఇఁకఁ బ్రతిభ యొక్కటియే కారణమని గట్టిగాఁ జెప్పినవాఁడు మన తెలుఁగువాఁడైన జగన్నాథపండితరాయలు. నానుడిని బట్టినవా రీతనినే ముందు నిలుపుదురు. కాని యీతని వాక్యమును సగమునకుఁ జదివి విడుచుట న్యాయము గాదు. ఆ ప్రతిభ కొందఱియందు దేవతామహాపురుషాదుల ప్రసాదమువలని యదృష్టముచేతను, గొందఱియందు విలక్షణమైన వ్యుత్పత్త్యభ్యాసములచేతను బుట్టునని యాతఁడే చెప్పియున్నాఁడు. ప్రతిభయే యభ్యాసమువలనఁ బుట్టవచ్చునని యొప్పుకొన్నవాఁడు శిక్షణమును నిషేధించెననుట యెట్లు?

అట్లైనచో శిక్షణ మందఱకును దగునా యను ప్రశ్న పుట్టును. వామనుఁడు కవులను రెండు తెఱఁగులవారినిగాఁ జేసెను. అరోచకులు కొందఱు, సతృణాభ్యవహారులు కొందఱు. మొదటివారు రుచింపనిదానిని నోటఁ బెట్టరు; రెండవవారు గడ్డితోఁగూడ నన్నమును మ్రింగుదురు. మొదటివారు వివేకులు గావున శిష్యులగుటకుఁ దగుదురనియు, రెండవవారు తగరనియు నాతని నిర్ణయము. చిల్లగింజ కలఁకనీటిని దేర్చును గాని బురదను దేర్చఁజాలదని దీనికి దృష్టాంతము చూపెను. ప్రతిభానము కవిత్వబీజమని తానే మఱియొకచోటఁ జెప్పియు, శిష్యాధికారమును జెప్పునప్పుడు వామనుఁడు ప్రతిభను గుర్తుగాఁ జూపక వివేకమును జూపుట యిందు విశేషము. శిష్యుఁ డెంత చక్కఁగా వ్రాయఁగలఁడని గాదు, వ్రాసినదానిలో దేనిని ద్రోయఁగలఁడని యాతని ప్రశ్న.

అయినను నీ నిర్ణయమును రాజశేఖరుఁ డున్నదున్నట్లు గ్రహింపలేదు. ఆతఁ డీ సంజ్ఞలను భావకులకు, అనఁగాఁ గావ్యము నాస్వాదించువారికిఁ బట్టించి, మత్సరులను దత్త్వాభినివేశులను జేర్చి నలువురనుగాఁ జేసెను. అందు సతృణాభ్యవహారితను గూర్చి యాతఁడన్న మాట కవిశిక్షాగ్రంథము లన్నిటిలో నుపాధ్యాయునకు మిక్కిలి యుపకరించునది. అది యందఱకును సాధారణమఁట. తెలిసికొనఁగోరి కుతూహలముతో నుండు ప్రతివాఁడును దొలుతఁ దొలుత నన్నిటియందు నట్లే యుండునఁట. గుణమిది, దోషమిది యని గీఁత గీయు సామర్థ్యము పిమ్మటఁ గలుగవలసినదేయఁట. వామనుఁడు ద్వారమున నిలిచి వివేకము లేనివానిని ద్రోసివేయఁగా, రాజశేఖరుఁడు వివేకము లోపలఁ బుట్టునది గదా యని వానిని లోనికి రానిచ్చుచున్నాఁడు. పదునాలుగేండ్ల బాలుఁడు నన్నయను నాటకపుఁబద్యమును నొక్క యాదరముతోఁ జదువుచున్నచో నది కుతూహలలక్షణము గాని యనధికారలక్షణము గాదు.

అట్లని రాజశేఖరుఁ డందఱును గవులగుదురని పలుకలేదు. బుద్ధిమంతుఁడు, ఆహార్యబుద్ధి, దుర్బుద్ధి యని శిష్యులను మువ్వురనుగాఁ జెప్పి, మూఁడవవానిని నీలిరంగు పట్టిన గుడ్డతోఁ బోల్చినాఁడు. దానికి వేఱొక రంగు పట్టదు. క్షేమేంద్రుఁడు మఱింత నిర్మొగమాటముగా నల్పప్రయత్నసాధ్యుఁడు, కృచ్ఛ్రసాధ్యుఁడు, అసాధ్యుఁడు అని విభజించెను. స్వభావముచే ఱాతివంటివాఁడును, గష్టమైన వ్యాకరణముచేఁ జెడినవాఁడును, దర్కముచేఁ గాలినవాఁడును, సత్కవుల ప్రబంధములు చెవిఁ జొరనివాఁడును నసాధ్యులు. గాడిదకు నేర్పినను బాడదు, గ్రుడ్డివానికిఁ జూపినను సూర్యుఁడు గానఁబడఁడు. ఈ పట్టికలో వైయాకరణుఁడు ముందువరుసనే యుండుట శబ్దశాస్త్రాభిమానులకుఁ జెవి కింపైన మాట గాదు. కాని నిందింపఁబడినది శాస్త్రము గాదు, దానిచేఁ జెడుట.

కృచ్ఛ్రసాధ్యునకు క్షేమేంద్రుఁడు విధించిన యభ్యాసములు చూడఁదగినవి. అర్థముతోఁ బనిలేక పదములతో వృత్తమును నింపుట, ప్రాచీనశ్లోకమునఁ బదములను మార్చి వేఱుపదములు పెట్టుట మొదలైన పనులు చెప్పి, పిదప నూఱు శిక్షలను బరిగణించినాఁడు. ఆ నూఱింటిలో లోకాచారపరిజ్ఞానము, నాటకాభినయదర్శనము, శోకించువారి ప్రలాపములను వినుట, శ్మశానారణ్యములను జూచుట, స్నిగ్ధమైన భోజనము కూడఁ గలవు. ఛందస్సు కొంచెము, లోకము మిక్కిలి. అయ్యలరాజువారి కాలమునకో, యప్పకవి కాలమునకో యిట్టి గ్రంథము తెలుఁగున నొక్కటి పుట్టియుండినచో బాగుండెడిది. మన లాక్షణికులు, కవిజనాశ్రయమునుండి యప్పకవీయము దాఁక, యతిభేదములయందుఁ బ్రాసభేదములయందు నెంత సూక్ష్మతను జూపిరో, శిష్యుని మనస్సును దీర్చుటయం దంత యుపేక్ష వహించిరి. లోకవృత్తము సంస్కృతగ్రంథములందుఁ జెప్పఁబడియున్నదని వారు విడిచియుండవచ్చును. కాని సంస్కృతము చదువని శిష్యుఁడు వచ్చిన నాఁటినుండి కవిశిక్ష యనఁగా యతిప్రాసశిక్షయే యైపోయినది. పండితుని యెఱ్ఱసిరా గణము దగ్గఱనే యాఁగుట కిదియే మూలము. గురువులు కొందఱు గ్రంథముల కతీతముగాఁ బనిచేయకపోలేదు. బందరున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యులైన విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లలో నొకరి శైలి యొకరిది గాదు, గురువుగారిది యసలే గాదు. ఆ శిక్ష గణములతోఁ దీరియుండినచో నిట్లు జరిగియుండదు.

ఇప్పుడు పాశ్చాత్యపద్ధతిని జూతము. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము 1922లోనే సృజనాత్మకరచనను బట్టమునకుఁ బ్రబంధముగా నంగీకరించుటకు నిశ్చయించి, 1936లో రచయితల వర్క్‌షాపును నెలకొల్పెను. వర్క్‌షాపనఁగా వడ్రంగియు గంసాలియుఁ బనిచేయు చోటు, పేరు చక్కనిదే. విల్బర్ ష్రామ్ మొదటి యధ్యక్షుఁడు. 1941నుండి పాల్ ఎంగిల్ చిరకాలము దానిని నడపెను. ఫ్లానరీ ఓకానర్ 1947లో నచ్చటఁ బట్టమందినది. ఇంగ్లండులో ఈస్టు ఆంగ్లియా విశ్వవిద్యాలయమున 1970లో నిట్టి శిక్షణ మారంభమైనది. శిష్యుని రచనను సహాధ్యాయులందఱును ముందుగాఁ జదివివచ్చి చర్చింపఁగా రచయిత మౌనముగా వినుట యీ శాలలలోఁ బ్రసిద్ధమైన పద్ధతి. రచనను నేర్పుట సాధ్యము గాదనియు, రచయితను బ్రోత్సహించుట సాధ్యమనియు అయోవావారే చెప్పుకొనుట గమనింపవలెను. మన నానుడిని బట్టినవారికంటె వారు మమ్మటునకు దగ్గఱివారు.

ఈ మౌనచర్చ మనకుఁ గొత్తది గాదు. రాజశేఖరుఁడు కవిదినచర్యను బ్రహరములుగా విభజించి, మొదటి ప్రహరమున విద్యోపవిద్యల పరిశీలనమును, రెండవదానఁ గావ్యరచనను, భోజనానంతరమునఁ గావ్యగోష్ఠిని జెప్పి, నాలవ ప్రహరమున నొంటిగాఁ గాని పరిమితులైన వారితోఁ గాని యుదయమున వ్రాసినదానిని బరీక్షింపుమన్నాఁడు. రసావేశమున వ్రాయునప్పుడు వివేచించు చూపుండదు గావునఁ బిదపఁ జూడవలెనని యాతఁడు చెప్పిన కారణము. క్రొత్త రచన నొక్కనియెదుటనే చదువరాదనియు నిషేధించెను; అది తనదని వాఁడు వాదించినచో సాక్షి యెవ్వఁడు? వేయి యేండ్లకుఁ బైబడిన యీ హెచ్చరిక నేఁటి లేఖకులకును బనికివచ్చును.

అయోవాశాల నాలవ ప్రహరమును జక్కఁగా నడపినది. దాని ననుకరించి వారమునకో పక్షమునకో నేర్పు నేఁటి యల్పకాలశిక్షణములలో మొదటి ప్రహరము లోపించినది. విద్యోపవిద్యలు లేక పరస్పరపరీక్ష మాత్రమే జరిగినచో సతృణాభ్యవహారులు పదుగురు చేరి యొకరి తృణము నొకరు మెచ్చుకొనుట యగును. అంతకంటెఁ బెద్దదోషము, అసాధ్యుఁడను మాట వారి నోట రాకుండుట. క్షేమేంద్రుఁడు కటువుగాఁ బలికినను శిష్యుని కాలమును హరింపలేదు. రుసుము గైకొని ప్రతివానికి నీవు కవివగుదువని చెప్పువాఁడు మృదువుగాఁ బలుకుచునే యా పని చేయుచున్నాఁడు.

సమాజవిషయమున భేద మింకను స్పష్టము. నేఁడు లేఖకసంఘములనఁగా లేఖకులే లేఖకులతోఁ గూడుట. వార్తలును వారివే, బహుమానములును వారివే. రాజశేఖరుఁడు పదునాఱు స్తంభముల సభలో నుత్తరమున సంస్కృతకవులను, దూర్పునఁ బ్రాకృతకవులను, బడమట నపభ్రంశకవులను, దక్షిణమున భూతభాషాకవులను గూర్చుండఁబెట్టి యంతటితోఁ దీరినదనుకొనలేదు. సంస్కృతకవుల వెనుక వేదవిదులు, ప్రాకృతకవుల వెనుక నటగాయకులు, అపభ్రంశకవుల వెనుకఁ జిత్రకారులు, కంసాలులు, వడ్రంగులు, కమ్మరులు, భూతభాషాకవుల వెనుక మోకులపై నడచువారు, గారడివారు, మల్లులు నుండవలెనఁట. సాతవాహనుని వంటి రాజు లిట్టి సభలకు నాథులైరని యాతని మాట. కమ్మరి వినుచుండఁగాఁ గొలిమిని వర్ణించు కవి యొడలు దగ్గఱఁ బెట్టుకొని వర్ణించును. కవులు మాత్రమే యున్న సభలో నా భయము లేదు.

రాజశేఖరుఁడు కవులకుఁ బది యవస్థలను జెప్పినాఁడు. మహాకవియుఁ గవిరాజును బ్రసిద్ధులు. వారినిగూర్చి వ్రాయువారు పెక్కండ్రు. క్రింది మెట్లలో నిద్దఱు గలరు. హృదయకవి వ్రాసినదానిని మనస్సులోనే దాఁచుకొనును. అన్యాపదేశి తన పద్యమును దోషభీతిచే నింకొకరిదని చెప్పి చదువును. ఇది మా యన్న వ్రాసెనండీ యని యొక బాలుఁడు మడఁత పెట్టిన కాగితమును బల్లమీఁద నుంచి, పండితునివంకఁ గాక గోడవంకఁ జూచుచు నిలుచుండును. వానికి యన్న యున్నాఁడో లేఁడో విచారింపక, మీ యన్న యీ రెండవపాదమున నీ మాట నేల పెట్టెనో యడిగి రమ్మని పంపిన పండితుఁడు మఱునాఁడు ప్రత్యుత్తరము నందును.